వాళ్ల జంగ్ నవలలూ, మన నానీల ఖామోషీ



మన ఇళ్లలో ఇంగ్లీషు బాగా చదువుకున్న ఆడపిల్లల ఫోన్లలో ఒక రకం నవలలు నాకు తరచూ కనిపిస్తున్నాయి. అట్ట మీద ముగ్గురు నలుగురు అమ్మాయిలు. తలకి కట్టుకున్న రుమాలు, ఒంటి మీద కార్ఖానా బట్టలో నర్సు బట్టలో, వెనక ఆకాశంలో విమానాలు. రెండో ప్రపంచ జంగ్ నాటి ఇంగ్లండ్ కథలు అవి. మగపిల్లలు ఫౌజులోకి పోతారు, ఆడపిల్లలు ఓడల కార్ఖానాలో వెల్డింగ్ నేర్చుకుంటారు. ఇంట్లో అమ్మ రేషన్ చక్కెర గరిటెతో కొలిచి పెడుతుంది. తలుపు దగ్గరికి తంతి మోసుకొచ్చే పిల్లాణ్ణి చూడగానే వీధి వీధంతా ఊపిరి బిగబడుతుంది. జంగ్ అయిపోయినా కథ అయిపోదు. తిరిగొచ్చిన మొగుడు వేరే మనిషైపోయి ఉంటాడు, పని మానేసి వంటింట్లోకి పొమ్మని ఆడవాళ్లకి చెబుతారు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి, తల్లి నుంచి కూతురికి అలా సాగుతుంది. వీటిని అక్కడ సాగా అంటారు. మనం ఖాందానీ నవల అనుకుందాం.

ఈ పిల్లల మీద నాకు షికాయత్ ఏమీ లేదు. చదవనివ్వండి. నా సవాల్ వేరే. లండన్ మీద బాంబులు ఏ సంవత్సరంలో పడ్డాయో చెప్పగలిగిన అమ్మాయిని 1942 ఏప్రిల్ 6న విశాఖలో ఏం జరిగిందని అడిగితే ఎందుకు తెల్లమొహం వేస్తోంది? తప్పు ఆ పిల్లదా, లేక ఆ రోజుని చూసిన ఆడవాళ్ల మాట కాగితం మీద పెట్టని మనదా?

ముందు ఆ నవలల ఇలాకా ఏమిటో చూద్దాం. ఎలిజబెత్ జేన్ హోవర్డ్ అనే రచయిత్రి కజాలెట్ అనే ఒకే ఖాందాన్ మీద 1990 నుంచి 2013 దాకా ఐదు నవలలు రాసింది. అందులో ముగ్గురు అమ్మాయిలు జంగ్ నీడలో పెరిగి పెద్దవాళ్లవుతారు. అది డబ్బున్న ఖాందాన్. గరీబుల వైపు నుంచి రాసినవి ఇంకా ఎక్కువ. నాన్సీ రెవెల్ 2016లో మొదలుపెట్టిన నవలల వరుస సండర్లాండ్ ఓడల కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్లది. వీళ్లందరికంటే ముందు కేథరిన్ కుక్సన్ ఉంది. ఉత్తర ఇంగ్లండ్‌లో సౌత్ షీల్డ్స్ రేవు గుర్బత్‌లో పుట్టి, లాండ్రీలో పనిచేసి, ఆ గల్లీల ఆడవాళ్ల గురించే రాసింది. ఏళ్ల తరబడి ఆ దేశపు లైబ్రరీల నుంచి జనం అందరికంటే ఎక్కువగా ఇంటికి తీసుకెళ్లింది ఆవిడ పుస్తకాలే.

పెద్ద పెద్ద విమర్శకులు వీటిని అదబ్ కింద లెక్కించకపోవచ్చు. వంటింటి కథలు, బజారు నవలలు అంటారు. నిజంగానే కొన్ని ఒకే సాంచాలో పోసినట్టుంటాయి. అయినా ఒక్క విషయంలో వాటికి సలాం చేయాలి. తారీఖ్ పుస్తకం చర్చిల్ గురించి చెబుతుంది. ఈ నవల, గుడ్లు దొరకని వారంలో పెళ్లి కేకు ఎలా చేశారో చెబుతుంది. 1941 డిసెంబరులో ఇరవై నుంచి ముప్పై ఏళ్ల పెళ్లికాని ఆడవాళ్లని సర్కారు పనికి తప్పనిసరిగా పిలిచే కానూను వచ్చింది. 1940లో మొదలైన రేషన్ 1954 దాకా నడిచింది. ఈ రెండు వాక్యాలూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఆ పదునాలుగేళ్లు ఒక ఇల్లాలు ఎలా నెట్టుకొచ్చిందో మాత్రం ఖాందానీ నవలే చెబుతుంది.

మరి రాసేవాళ్లకి ఆ ముచ్చట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అసలు కీలకం ఇక్కడే ఉంది. అవి గాల్లోంచి రాలేదు. 1937లో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ మొదలై మామూలు మనుషుల చేత రోజువారీ డైరీలు రాయించింది. బారో ఊళ్లోని నెల్లా లాస్ట్ అనే నడివయసు గృహిణి జంగ్ పొడుగూతా రాస్తూనే ఉంది. తన వంట, తన మొగుడి ముభావం, ఫౌజులోకి పోయిన కొడుకు మీద బెంగ, అన్నీ. 1981లో అది పుస్తకమైంది, తర్వాత టీవీ డ్రామా అయింది. 2003 నుంచి 2006 దాకా బీబీసీ వాళ్లు బుజుర్గుల జ్ఞాపకాలు అడిగితే నలభై ఏడు వేల కథలు వచ్చాయి. అంటే ముందు ఎవరో ఒకరు నానీ పక్కన కూర్చుని అడిగారు, విన్నారు, దాచారు. నవల ఆ తర్వాత వచ్చింది.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. మన దగ్గర జంగ్ తక్కువేమీ జరగలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. లండన్‌తో పోలిస్తే అది చిన్న దాడే. కానీ ఖౌఫ్ చిన్నది కాదు. జనం ఇళ్లకి తాళాలు వేసి, రైలో ఎడ్లబండో ఏది దొరికితే అది పట్టుకుని లోపలి ఊళ్లకి వెళ్లిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకి తరలిపోయింది. ఆ పారిపోయిన బళ్లలో పరదా కట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు, నెలలు నిండినవాళ్లు ఉన్నారు, చంకలో పిల్లా చేతిలో గిన్నెల మూటా పట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద ఒక్క ఖాందానీ నవల ఏది?

దానికంటే పెద్ద కహానీ రంగం కహానీ. మన వైపు బుజుర్గులు రంగూన్‌ని రంగం అనేవారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి ఊళ్ల నుంచి వేలమంది తెలుగువాళ్లు ఓడెక్కి బర్మా వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో, రిక్షాల దగ్గర మెహనత్ చేశారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ పట్నంలో సగానికి పైగా మన దేశం వాళ్లే. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో పట్నం జపాన్ చేతికి పోయింది. ఓడ టికెట్టు దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకని లక్షలమంది కాలినడకన బయల్దేరారు. కొందరు టౌంగప్ కనుమ దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు టాము మీదుగా ఇంఫాల్ వైపు, కొందరు హుకాంగ్ లోయ గుండా అస్సాం వైపు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో వేలమంది పోయారు. గోరాలకి ఒక దారి, కాలావాళ్లకి ఒక దారి పెట్టారని ఆనాడే పెద్ద గొడవ జరిగింది.

బర్మా బియ్యం ఆగిపోయాక ఇక్కడి పొయ్యిల సంగతేమిటి? 1943 నాటికి దేశమంతా ధాన్యం కరువు. బెంగాల్‌లో లక్షలమంది చచ్చిపోయారు. మన జిల్లాల్లో గంజి, చోడి అంబలి తాగి బతికిన ఇళ్లు ఎన్నో. ఇంగ్లండ్ అమ్మ చక్కెర కొలిచిన కథకి నవల ఉంది. మన నానీ అంబలి పలచన చేసి అందరికీ సరిపెట్టిన కథ ఆమె నోట్లోనే ఉండిపోయింది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ ఇంగ్లీషు వంటింట్లోకి వచ్చిన చాయ్‌పత్తీ, చక్కెర ఓడల మీద వచ్చాయి. ఆ జమానాలో బ్రిటిష్ సరుకు ఓడల సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు లస్కర్లు, అంటే మన ఖండం నావికులు. వాళ్లలో ముస్లిములు చాలామంది. కుక్సన్ పుట్టిన సౌత్ షీల్డ్స్‌లోనే యెమెన్ ముస్లిం నావికులు స్థిరపడ్డారు, అక్కడి తెల్ల అమ్మాయిలని నికాహ్ చేసుకున్నారు, మసీదు కట్టుకున్నారు. 1977లో బాక్సర్ ముహమ్మద్ అలీ తన కొత్త పెళ్లికి దువా చేయించుకున్నది ఆ మసీదులోనే. కాబట్టి ఆ కథ పూర్తిగా వాళ్లది, మనకేం సంబంధం అనడానికి లేదు. మనవాళ్లు ఆ కథలో ముందునుంచీ ఉన్నారు. పేజీ మీదే లేరు.

ఇక్కడ కొందరు నూర్ ఇనాయత్ ఖాన్ పేరు చెబుతారు. నిజమే, ఆమె కథ విని గర్వపడని ముస్లిం ఇల్లు ఉండదు. సూఫీ బుజుర్గ్ హజ్రత్ ఇనాయత్ ఖాన్ కూతురు, టిప్పు సుల్తాన్ వంశం. జంగ్ మొదలయ్యాక పారిస్ నుంచి ఇంగ్లండ్ చేరి, 1940లో విమానదళపు మహిళా విభాగంలో చేరింది. 1943 జూన్‌లో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోకి వైర్‌లెస్ ఆపరేటర్‌గా రహస్యంగా దిగింది. పట్టుబడి, 1944 సెప్టెంబరు 13న డాకౌ క్యాంపులో షహీద్ అయింది. 1949లో జార్జ్ క్రాస్ ఇచ్చారు. 2012లో లండన్‌లో విగ్రహం పెట్టారు. ఆమె యాద్‌కి నా సలాం.

కానీ ఒక్క మాట. మనం నూర్ లాంటి వాళ్లని వెతుక్కుంటాం, తక్రీర్లలో చెప్పుకుంటాం, ఆ తర్వాత తృప్తిగా ఇంటికి పోతాం. ఆ ఇంట్లో మూల మంచం మీద కూర్చున్న దాదీని అడగం. ఇంగ్లండ్ ఖాందానీ నవల నేర్పే సబక్ దీనికి ఉల్టా. గూఢచారి కానక్కర్లేదు, రాజవంశం కానక్కర్లేదు. కార్ఖానాకి పోయి, పిల్లల్ని సాకి, ఖత్ కోసం ఎదురుచూసిన మామూలు ఆడమనిషి జిందగీ కూడా ఐదు వందల పేజీలకి లాయఖే అంటుంది అది. ఆ మాట మనం మన ఆడవాళ్ల గురించి ఇంకా అనలేదు.

ఉర్దూలో లేదా అంటే, ఉంది. ఖదీజా మస్తూర్ 1962లో రాసిన ఆంగన్ ఉంది. జంగ్ రోజుల్లో, బటవారాకి ముందు, ఒక ఇంటి ఆంగన్‌లో ఆడవాళ్ల బతుకు అది. ఖుర్రతుల్ ఐన్ హైదర్ రాసిన ఆగ్ కా దరియా ఉంది, అందులో జంగ్ తర్వాత ఇంగ్లండ్ చేరిన లక్నో పిల్లలూ ఉన్నారు. లక్నోలో పుట్టి 1947లో ఇంగ్లండ్ వెళ్లిన అతియా హుసేన్ 1961లో ఇంగ్లీషులో ఒక ఖాందానీ నవల రాసింది. అన్నీ గొప్పవే. అన్నీ ఉత్తరాది షరీఫ్ ఖాందాన్లవి. హవేలీలు, జమీందారీలు. చికాకోల్ గల్లీలో బీడీలు చుట్టిన నానీ, సాలూరు సంతలో గాజులమ్మిన దాదీ వాటిలో లేరు.

తెలుగులో? విజయనగరం గరీబుల మీద చాసో అద్భుతమైన కథలు రాశారు. అనకాపల్లిలో పుట్టిన డాక్టర్ పి. శ్రీదేవి 1950లలోనే, తమ కాళ్ల మీద తాము నిలబడాలనుకునే అమ్మాయిలతో కాలాతీత వ్యక్తులు రాశారు. ముస్లిం బతుకు తెలుగులోకి గట్టిగా రావడం ఈ మధ్య పాతికేళ్ల సంగతి. నెల్లూరు జిల్లా నుంచి ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు, 2004లో స్కైబాబ తెచ్చిన వతన్ సంకలనం, కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్ జుమ్మా. తెలంగాణ పలికింది, రాయలసీమ పలికింది, నెల్లూరు పలికింది. ఒకప్పుడు చికాకోల్ సర్కార్‌కి రాజధానిగా ఉన్న మన శ్రీకాకుళం నుంచి, బాబామెట్ట దర్గా ఉన్న విజయనగరం నుంచి మన ఇళ్ల ఆడవాళ్ల కహానీ మాత్రం ఇంకా పుస్తకంగా నిలబడలేదు.

ఎందుకంటే, నాకు తోచిన కారణాలు మూడు.

ఒకటి, లెక్క. ఈ రెండు జిల్లాల్లో మనం చాలా తక్కువమందిమి. తక్కువమంది ఉన్నచోట మన మాట ఎవరికి కావాలిలే అన్న సోచ్ త్వరగా వస్తుంది. అసలు తక్కువమంది ఉన్నప్పుడే రాయడం ఫర్జ్ అవుతుంది. పెద్ద జమాత్ మర్చిపోయినా ఎక్కడో ఒకచోట మిగులుతుంది. చిన్న జమాత్ మర్చిపోతే సాంతం పోయినట్టే.

రెండు, భాష. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. బడిలో గాలిబ్ ఉన్నాడు, కాలేజీలో ప్రబంధాలు ఉన్నాయి. మా నానీ మాట్లాడే మాట రెండు చోట్లా లేదు. ఆవిడ వీధి వైపు తిరిగి "ఏటమ్మా, ఎక్కడికెల్తన్నావు?" అని పక్కింటావిణ్ణి పలకరించి, ఆ ఊపిరిలోనే లోపలికి తిరిగి ఉర్దూలో పిల్లల్ని కేకలేసేది. ఉర్దూ పండితుడికి అది బిగిడిన జుబాన్, తెలుగు పండితుడికి అది తురక తెలుగు. ఇద్దరూ వద్దన్న ఆ జుబాన్‌లోనే ఆమె జంగ్ ఉంది, ఆమె రంగం ఉంది. ఇప్పటి పిల్లలకి ఇంగ్లీషు వచ్చు, తెలుగు చదవగలరు, ఉర్దూ అక్షరం రాదు. నానీకీ మనవరాలికీ మధ్య వంతెన వేయగలిగింది తెలుగు లిపి ఒక్కటే. తెలుగు అక్షరాల్లో నానీ మాట నానీ మాటలాగే రాస్తే ఇద్దరికీ అందుతుంది.

మూడోది అన్నిటికంటే బరువైనది, ఇజ్జత్. "ఇంటి మాటలు బజారులో ఎందుకు పెట్టాలి?" అని మన మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ అంటారు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. రంగం కథల్లో నిజంగానే గాయాలు ఉన్నాయి. అక్కడ బర్మా ఆడవాళ్లని చేసుకున్న మనవాళ్లు ఉన్నారు. ఆ సంతానానికి జేర్‌బాదీ అని ఒక పేరే ఉండేది. ఇక్కడ ఒక బీవీ, అక్కడ ఒక బీవీ. జంగ్ వచ్చినప్పుడు ఎవరు ఎవర్ని వెంట తెచ్చుకున్నారు, ఎవర్ని వదిలి వచ్చారు? దారిలో పిల్ల తప్పిపోయిన తల్లి ఆ పేరు మళ్లీ ఎందుకు ఎత్తలేదు? ఇవి అడగడం ఆసాన్ కాదు.

కానీ కుక్సన్‌ని చూడండి. ఆమె నికాహ్ లేకుండా పుట్టిన పిల్ల. చిన్నప్పుడు అమ్మని అక్క అనుకుని పెరిగింది. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద సిగ్గు లేదు. 1969లో తన ఆత్మకథలో దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకుంది, తల్లి పేరే పుస్తకానికి పెట్టింది. అంతకు ముందే, 1953లో, నల్లజాతి నావికుణ్ణి పెళ్లాడిన తెల్ల అమ్మాయి ఇంటి కథని నవలగా రాసింది. దానివల్ల ఆమె ఖాందాన్ ఇజ్జత్ పోలేదు. అలాంటి గల్లీల్లో తలదించుకు బతికిన వేలమందికి తల ఎత్తుకునే బలం వచ్చింది.

పైగా నవలకి ఒక సౌకర్యం ఉంది. పేర్లు మార్చొచ్చు, ఊరు మార్చొచ్చు, రెండు ఇళ్లని ఒక ఇల్లు చేయొచ్చు. సచ్ మిగులుతుంది, మనిషి దాగుతాడు. పరదా కావాలనుకునేవాళ్లకి ఫిక్షన్‌ని మించిన పరదా ఏముంది? ఆడవాళ్ల రవాయత్‌కి ఏం విలువ అనేవాళ్లకి ఒక్క జవాబ్ చాలు. హజ్రత్ ఆయెషా రజియల్లాహు అన్హా చెప్పిన హదీసులు రెండు వేలకు పైగా ఉన్నాయి. ఇంటి లోపలి సంగతులు ఆమె చెప్పకపోతే మనకి తెలిసేవే కావు.

నవలలు వక్త్ జాయా అనే బుజుర్గులు ఇంకా ఉన్నారు. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో మిరాతుల్ ఉరూస్ రాసింది ఆడపిల్లల తాలీమ్ కోసమే. ఉర్దూ నవల పుట్టిందే ఇంటి ఆడపిల్ల కోసం. మనం మళ్లీ ఆ పని చేద్దాం అంటున్నాను, అంతే.

మన నవల ఎలా ఉండొచ్చో ఊహించండి. చికాకోల్‌లో ఒక ఇల్లు, నలుగురు అమ్మాయిలు. ఒకామె రంగంలో కాపురం. ఒకామెని విశాఖలో ఇచ్చారు. ఒకామె మొగుడు ఫౌజులోకి పోయాడు. చిన్నది ఇంట్లో ఉండి ఖత్‌లు చదివి పెడుతుంది, ఆ ఇంట్లో చదవడం వచ్చింది దానికే. 1941లో మొదలవుతుంది. రంగం నుంచి నడక, విశాఖ బాంబులు, 1943 అంబలి. 1947లో ఎవరు ఉంటారు, ఎవరు పోతారన్న మాట. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ ఖబర్ వినడానికి రేడియో ఉన్న ఇంటి గడప దగ్గర ఆడవాళ్లు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడటం. 1962 తర్వాత బర్మా నుంచి రెండోసారి తరిమివేత, విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు. అక్కడ దిగినవాళ్లలో పెద్దామె కూతురు ఉందా? మూడు భాగాలకి సరిపడా కథ ఉంది. రాసేవాళ్లు మన అమ్మాయిల్లోనే ఉన్నారు. ఇంగ్లీషు సాగాలు గుక్క తిప్పుకోకుండా చదివే ఆ పిల్లలకి ఈ రకం నవల లోపలి మరమ్మత్తు అంతా ఇప్పటికే తెలుసు.

ముడిసరుకు మాత్రం ఎక్కువ రోజులు ఆగదు. 1942లో పదేళ్లున్న పిల్లకి ఇప్పుడు తొంభై దాటాయి. అలాంటి నానీ మీ ఇంట్లోనో పక్క గల్లీలోనో ఉంటే ఈ జుమ్మా నమాజ్ తర్వాత వెళ్లి కూర్చోండి. ఇజాజత్ అడిగి ఫోన్‌లో రికార్డు పెట్టండి. జంగ్ గురించి చెప్పు నానీ అంటే ఏమీ చెప్పదు. ఆ రోజుల్లో ఏం వండేవారు, మూటలో ఏం పెట్టుకున్నారు, కిరసనాయిలు ఎక్కడ దొరికేది, ఎవరి ఖత్ ఎవరు చదివేవారు, రంగం నుంచి వచ్చినవాళ్ల ఒంటి మీద ఏం బట్టలున్నాయి అని అడగండి. ఆవిడ పోయి ఉంటే అమ్మీని అడగండి, ఆవిడ విన్నది చెబుతుంది. ఆవిడ ఆపినచోట ఆగండి. తారీఖు వేసి, ఊరు పేరు రాసి, ఆమె వాడిన మాటలే తెలుగు అక్షరాల్లో దించండి. కథగా మలిచాక అచ్చుకి పంపండి. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం మన శ్రీకాకుళంలోనే ఉంది. మన నానీల కథ కూడా అక్కడ ఒక అరలో ఉండటం మన హక్.

అమ్మాయిలూ, ఆ నవల పక్కన పెట్టమని చెప్పడం లేదు. చేతిలో ఉన్న భాగం పూర్తి చేయండి. ఇంకో భాగం మొదలుపెట్టే ముందు ఒక్క సాయంత్రం నానీకి ఇవ్వండి.